పిల్లి మేత సంచి వెనక్కి తిప్పితే

పెంపుడు జంతువుల గురించి పాఠకుల ప్రశ్నలకు పర్లాకిమిడి నుంచి ఒక రిటైర్డ్ పశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది బరంపురం. మా ఇంట్లో మూడేళ్ల మగపిల్లి ఉన్నాడు. పేరు మిఠాయి. బరువు నాలుగున్నర కేజీలు, నిరుడు ఆపరేషన్ చేయించాం, గడప దాటడు. దుకాణంలో రెండు రకాల డ్రై ఫుడ్ చూపించారు. ఒకటి కేజీ 290 రూపాయలు, ప్రొటీన్ 30 శాతం. రెండోది కేజీ 680, ప్రొటీన్ 34 శాతం. నాలుగు శాతం తేడాకి రెట్టింపు పైన పొయ్యాలా? రెండు సంచుల వెనకా ఉన్నదంతా కాగితం మీద ఎక్కించి పంపుతున్నాను. ఇంకో మాట. గోపాల్‌పూర్ చేపలు గుమ్మంలోకి వచ్చే ఊళ్లో ఉండి పిల్లికి సంచి మేతేమిటని మావారి గోల. ఆయనకు కూడా మీరే చెప్పాలి.
ఒక టీచరు, బరంపురం

జవాబు: అమ్మా, మీ కాగితం చూస్తే ముచ్చటేసింది. నేను ఉద్యోగమంతా ఆవులు, మేకలు, కోళ్లతో గడిపినదాన్ని. కాశీనగర్, గుమ్మ, మోహన, ఎక్కడ పనిచేసినా పిల్లిని తీసుకుని ఆస్పత్రికి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రిటైరై పర్లాకిమిడిలో స్థిరపడ్డాక చూస్తే, ఇప్పుడు వారానికి నలుగురైదుగురు బుట్టలో 'బిలేయి'ని, అంటే ఒడియాలో పిల్లిని, పెట్టుకుని మా అరుగెక్కుతున్నారు. ఏం పెడుతున్నారని అడిగితే ఫోన్ తీసి సంచి ముందువైపు ఫొటో చూపిస్తారు. వెనకవైపు రాసి పంపింది మీరొక్కరే.

ముందు లెక్క చేద్దాం. మీరు టీచరు కాబట్టి తప్పులుంటే దిద్దండి.

మొదటి సంచిలో ప్రొటీన్ 30, కొవ్వు 9, పీచు 5, తేమ 12. రెండోదాంట్లో 34, 16, 3, 10. పిండిపదార్థం ఎంతుందో రెండూ చెప్పలేదు, ఏ సంచీ సాధారణంగా చెప్పదు. అది మనమే తీసివేసి పట్టుకోవాలి. బూడిద అని ఒకటుంటుంది, అంటే మేతను కాలిస్తే మిగిలే ఖనిజాలు. మీ రెండింటి మీదా అది లేదు. డ్రై ఫుడ్‌లో మామూలుగా 7, 8 శాతం ఉంటుంది కాబట్టి 8 వేసుకున్నాను. వందలోంచి ఇవన్నీ తీసేస్తే మొదటి సంచిలో 36 మిగిలింది, రెండోదాంట్లో 29. అదే పిండి. ప్రొటీన్, కొవ్వు పక్కన 'మిన్' (కనీసం ఇంత) అనీ, పీచు, తేమ పక్కన 'మ్యాక్స్' (మించితే ఇంత) అనీ ఉంటుంది చూడండి. కాబట్టి ఇదంతా కాస్త అటూ ఇటూ లెక్కే. అయినా పనికొస్తుంది.

ఇప్పుడు దీన్ని కేలరీల్లోకి మార్చాలి. పిల్లి తినేది శాతాల్ని కాదు కదా, దాని ఒంటికి పట్టేది కేలరీల్లోనే చూడాలి. మేత లెక్కల్లో గ్రాము ప్రొటీన్‌కి 3.5, పిండికి 3.5, కొవ్వుకి 8.5 కేలరీలు కడతారు. మీ మొదటి సంచి వంద గ్రాములకు దాదాపు 308 కేలరీలు వచ్చాయి, రెండోదానికి 357. అందులో ప్రొటీన్ నుంచి వచ్చే వాటా ఎంతో తెలుసా? మొదటిదాంట్లో 34 శాతం, రెండోదాంట్లో 33. నమ్మలేక రెండోసారి వేశాను. అదే వచ్చింది. ఖరీదైన సంచిలో కొవ్వు ఎక్కువ కాబట్టి మిఠాయి దాన్ని తక్కువే తినాలి, తక్కువ తింటే ఆ నాలుగు శాతం కాస్తా హరించుకుపోతుంది. రెండు సంచుల మధ్య అసలు తేడా పిండి, కొవ్వుల దగ్గరుంది. మొదటిదాని కేలరీల్లో 41 శాతం పిండి, 25 శాతం కొవ్వు. రెండోదాంట్లో 28 శాతం పిండి, 38 శాతం కొవ్వు.

అయితే 290దే కొనేయండి అంటానని మీరు అనుకుంటూ ఉండొచ్చు. ఆగండి.

సంచి మీద ఉండే మాట 'క్రూడ్ ప్రొటీన్'. దాన్ని నేరుగా ఎవరూ కొలవరు. మేతలో నత్రజని ఎంతుందో చూసి 6.25తో గుణిస్తారు, వచ్చిన అంకె అచ్చువేస్తారు. ఆ నత్రజని కోడి మాంసంలోదా, సోయాదా, ఈకలదా అన్నది ఆ గుణింతానికి తెలీదు. 2007లో అమెరికాలో జరిగింది ఇదే. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో, అంటే గోధుమ నుంచి తీసిన ప్రొటీన్‌లో, మెలమైన్ కలిపారు. అది ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం, నిండా నత్రజని. పరీక్షలో ప్రొటీన్ అంకె బ్రహ్మాండంగా కనిపించింది. ఆ మేత తిన్న పిల్లులు, కుక్కలు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి, కంపెనీలు సరుకంతా బజారు నుంచి వెనక్కి తీసుకున్నాయి. మీ సంచుల్లో అలాంటిదేదో ఉందని కాదు. ఒక్క అంకెను నమ్ముకోవద్దని చెప్పడానికి ఎత్తాను.

కాబట్టి అంకెల కింద సన్నక్షరాల్లో ఉండే పదార్థాల వరుస చదవాలి. మేత కలిపేటప్పుడు దేని బరువు ఎక్కువో అది ముందు రాస్తారు. మీరు రాసిన ప్రకారం మొదటి సంచి వరుస ఇది: మొక్కజొన్న, నూకలు, కార్న్ గ్లూటెన్, సోయా పిండి, గోధుమపిండి, ఆ తర్వాత పౌల్ట్రీ మీల్. మాంసం ఆరో స్థానంలో ఉందమ్మా. అంటే ఆ 30 శాతంలో ఎక్కువ భాగం గ్లూటెన్, సోయాల నుంచి వచ్చింది. పిల్లికి అవి అరగవని కాదు. ప్రొటీన్ కట్టడానికి కావలసిన ఇటుకల్లో లైసిన్ అనేది మొక్కజొన్న గ్లూటెన్‌లో తక్కువ, మిథియోనిన్ అనేది సోయాలో తక్కువ, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం మొక్కల్లో దాదాపు లేనే లేదు. ఆ లోటు పూడ్చడానికి కంపెనీ పొడులు కలపాలి. సరిగ్గా కలిపిందో లేదో మనం దాని మాట మీదే నమ్మాలి.

రెండో సంచి వరుస చికెన్ మీల్‌తో మొదలైంది. 'మీల్' అన్న మాట చూసి పిండి అని భయపడేవాళ్లున్నారు. నీరూ కొవ్వూ చాలావరకు తీసేసి ఎండబెట్టి పొడిచేసిన మాంసం అది. మన బజారు భాషలో చెప్తాను. కేజీ పచ్చి చేప కొంటే అందులో ముప్పాతిక నీళ్లే. కేజీ సుఖువా, అంటే ఎండుచేప, కొంటే చాలావరకు చేపే. 'ఫ్రెష్ చికెన్' అని మొదట్లో గొప్పగా రాసిన సంచిలో ఆ కోడి నీళ్లతో సహా తూకానికి వచ్చి ముందు నిలబడి ఉండొచ్చు. యంత్రంలో ఉడికి ఎండాక దాని స్థానం ఎక్కడికో జారిపోతుంది. అందుకని మొదటి మూడు నాలుగింట్లో ఏదో ఒక 'మీల్' కనిపిస్తే నాకు ధైర్యం. అయితే ఏ జీవిదో పేరు ఉండాలి. ఉత్త 'మీట్ మీల్' అంటే అది ఏదైనా కావచ్చు.

పిండి అసలే ఉండకూడదని మాత్రం పట్టుబట్టకండి. గింజలు తయారయ్యే యంత్రం మన జంతికల గొట్టం లాంటిదే. వేడి మీద, ఒత్తిడి మీద పిండిముద్ద బయటికొస్తూ ఉబ్బుతుంది, కత్తి ముక్కలు కోస్తుంది. పిండి లేకపోతే గింజ నిలబడదు. బాగా ఉడికిన పిండిని పిల్లి చాలావరకు అరిగించుకుంటుంది కూడా. 'గ్రెయిన్ ఫ్రీ' అని రాసి డబ్బు లాగే సంచుల్ని తిప్పి చూడండి, బియ్యం బదులు బంగాళాదుంప, బఠాణీ ఉంటాయి. తీసివేత చేస్తే పిండి చాలాసార్లు అదే 30 శాతం దగ్గర తేలుతుంది.

మీ కాగితంలో ఒక్క వాక్యం కనిపించలేదు, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది అదే. 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని, పక్కనే ఏ వయసు పిల్లికో. చాలా సంచుల మీద అది ఆఫ్కో ప్రమాణాల ప్రకారం అని రాసి ఉంటుంది. ఆఫ్కో అంటే అమెరికాలో మేతల నియంత్రణ అధికారుల సంఘం. యూరప్ సరుకైతే ఫెడియాఫ్ అని ఉండొచ్చు. ఆఫ్కో లెక్కలో తేమ తీసేశాక పెద్ద పిల్లికి కనీసం 26 శాతం ప్రొటీన్, పిల్లకూనకు 30, కొవ్వు 9, డ్రై ఫుడ్‌లో టారిన్ 0.1 శాతం ఉండాలి. తేమ తీసేసి చూస్తే మీ మొదటి సంచి ప్రొటీన్ కూడా 34కి వస్తుంది, గీత దాటినట్టే. టారిన్ ఎంతో రాశారా, ఆ వాక్యం ఉందా, మళ్లీ దుకాణానికి వెళ్లి చూడండి. 'కాంప్లిమెంటరీ' అనో 'ట్రీట్' అనో ఉంటే అది పూటభోజనం కాదు, చిరుతిండి.

టారిన్ గురించి ఎందుకంత పట్టుదల అంటే, కుక్క తన ఒంట్లో మామూలుగా సరిపడా తయారుచేసుకుంటుంది, పిల్లికి ఆ శక్తి చాలదు. బయటినుంచి రాకపోతే కంటి వెనక పొర దెబ్బతింటుంది, గుండె సాగిపోయి బలహీనపడుతుంది. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో పాల్ పయన్ అనే పశువైద్యుడు, ఆయన సహచరులు ఈ గుండె సంగతి బయటపెట్టారు. ఆ పిల్లులు చెత్తా చెదారం తిన్నవి కావు, కంపెనీ మేత తిన్నవే. టారిన్ ఇస్తే గుండెలు కోలుకున్నాయి. ఆ తర్వాతే కంపెనీలు మేతలో టారిన్ పెంచాయి.

సరే, డబ్బు సంగతి. ఆపరేషనై ఇంట్లోనే ఉండే నాలుగున్నర కేజీల పిల్లికి రోజుకు 240 కేలరీలు వేసుకుందాం. మొదటి సంచిలో 78 గ్రాములు, రోజుకు 22, 23 రూపాయలు. రెండోదాంట్లో 67 గ్రాములు, 45 రూపాయల పైచిలుకు. తేడా రోజుకు 23 రూపాయలు. నేనైతే రెండోదే కొంటాను, ప్రొటీన్ అంకె కోసం కాదు, వరుసలో మొదటి మాట కోసం. మీకు అది బరువనిపిస్తే, మొదటి సంచి మీద ఆ వాక్యమూ టారినూ రెండూ ఉంటే అదే పెట్టి, రోజూ 15 గ్రాముల ఉడికించిన చికెన్ కలపండి, ఆ మేరకు గింజలు తగ్గించండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. ఉల్లిజాతి పిల్లి రక్తకణాల్ని విరిచేస్తుంది. ఆ వాక్యం లేకపోతే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. గ్లాసుతో కొలిచి పొయ్యకండి, వంటింటి తూకంలో తూచండి. రెండో సంచి కొవ్వు మీద నడిచేది. పది గ్రాములు ఎక్కువైనా ఆర్నెల్లలో మిఠాయి గుమ్మడికాయ అవుతాడు.

సంచి వెనక దొరకని విషయం ఒకటుంది, నీళ్లు. అది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మా ఇంట్లో గోవిందని కమలాపండు రంగు పిల్లి ఉండేవాడు. మంచి సంచే కొనేదాన్ని, గింజలు తప్ప ఇంకేదీ పెట్టేదాన్ని కాదు, ఒళ్లు కూడా చేశాడు. ఒకరోజు పొద్దున బాత్‌రూం మూల కూర్చుని ముక్కుతున్నాడు. మలబద్ధకం అనుకుని ఊరుకున్నాను, ఇన్నేళ్ల సర్వీసు చేసిన డాక్టర్ని! సాయంత్రం ఎత్తుకుంటే కీచుమని అరిచాడు. పొట్ట కింద తడిమితే మూత్రాశయం బత్తాయంత గట్టిగా తగిలింది. ఉదయం నుంచి చుక్క పోయలేదు. నా పెట్టెలో ఆవులకు వేసే గొట్టాలున్నాయి కానీ పిల్లికి పట్టే సన్న గొట్టం లేదు. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని విశాఖ వెళ్లాం. దారి పొడుగునా వాణ్ని ఒళ్లో పెట్టుకుని నన్ను నేను తిట్టుకున్నాను. బతికాడు. మగపిల్లికి మూత్రం పూర్తిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

దీనికి కారణం డ్రై ఫుడ్ ఒక్కటే అనను. ఒళ్లు, కదలకపోవడం, కంగారు, అన్నీ కలుస్తాయి. కానీ పిల్లి ఎడారి జాతి, దాహం తక్కువ. వేటలో దొరికిన మాంసంలోంచే నీళ్లు లాక్కునే జీవి. 70 గ్రాముల గింజల్లో దానికి దొరికేది ఏడెనిమిది మిల్లీలీటర్లు, రోజుకు కావలసింది మొత్తం మీద 200 పైనే. అందుకని రాత్రి పూట గింజల మీద గోరువెచ్చని నీళ్లు పోసి నానబెట్టి పెట్టండి. నీళ్ల గిన్నె వెడల్పుగా ఉండాలి, మేత పళ్లెం పక్కన కాకుండా వేరే గదిలో ఉండాలి. మా ఇంట్లో ఇప్పుడు నాలుగు చోట్ల ఉన్నాయి, తన్నుకుని పడేది నేనే.

ఇక మీవారికి. అయ్యా, మీ మాటలో సగం నిజం ఉంది. పిల్లి మాంసం తినే జంతువు. ఎలుకలో రెండొంతులు నీళ్లు, మిగతాదాంట్లో సగానికి పైగా ప్రొటీన్, పిండి దాదాపు సున్నా. మా అమ్మమ్మ గారింట్లో పిల్లి చద్దన్నంలో సుఖువా ముక్క తిని పెరిగిందని మేమంతా అనుకునేవాళ్లం. దాని అసలు భోజనం ధాన్యం గాదె కింద జరిగేదని పశువైద్యం చదివాక గానీ నాకు వెలగలేదు. మీ మిఠాయికి గాదె లేదు. పచ్చి కవళ్లు, నెత్తళ్లు రోజూ పెడితే వాటిలోని ఒక ఎంజైము విటమిన్ బి1ని నాశనం చేస్తుంది, పిల్లి తల వేలాడేసి తూలుతుంది. ఉడికిస్తే ఆ ఎంజైము చస్తుంది. అయినా ఏళ్ల తరబడి చేపలే అయితే విటమిన్ ఇ చాలక ఒంట్లో కొవ్వు వాచి, ముట్టుకుంటే ఏడుస్తుంది. ఉత్త కండలో కాల్షియమూ చాలదు. ఆదివారం మీ పళ్లెంలోకి వెళ్లబోయే చేపలో ముల్లు తీసిన ముక్క, కారం పడకముందు, వాడికి పెట్టండి. సుఖువాలో ఉప్పు ఎక్కువ, అది మీరే తినండి.

ప్రశ్న: మేడమ్, నేను రాయగడలో రూమ్ తీసుకుని చదువుకుంటున్నాను. ఇక్కడొక దుకాణంలో రంగురంగుల గింజలు డ్రమ్ములోంచి తీసి కేజీ 180కి తూచి ఇస్తారు. పిల్లి ఇష్టంగా తింటోంది. పర్వాలేదా? ఒక్కోసారి అది అయిపోతే రూమ్మేట్ కుక్క మేత పెడుతున్నాం.
ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: బాబూ, పైన టీచరు గారికి చెప్పినదంతా సంచి వెనక రాత మీద ఆధారపడింది. నీ డ్రమ్ముకు వెనకా లేదు, తేదీ లేదు. మూత ఎన్నిసార్లు తెరిచారో, కుక్క డ్రమ్ములో చెయ్యే దీన్లోనూ పెట్టారో మనకు తెలీదు. గింజల మీద పూసే కొవ్వు గాలి తగిలితే మక్కిపోతుంది, దాంతోపాటు విటమిన్లూ పోతాయి. ఆషాఢం వచ్చిందంటే మన వైపు అప్పడాలే మెత్తబడతాయి, తెరిచిన డ్రమ్ము సంగతి చెప్పాలా? ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపి వాసన చూడు. పాత నూనె సీసా మూత వాసనొస్తే పారెయ్.

ఇష్టంగా తినడం నాణ్యతకు గుర్తు కాదు. పైన చల్లే మాంసపు రసం పొడికి అలా ఎగబడతాయి. రంగులు నీకోసం వేశారు. పిల్లికి తీపి రుచే తెలీదు, నాలుక మీద ఆ గ్రాహకమే పనిచెయ్యదని 2005లో కనుక్కున్నారు. ఇక ఎర్ర గింజ, పచ్చ గింజ దానికెందుకు?

కుక్క మేత ఒక పూటకు గతిలేక పెడితే ఏమీ కాదు. అలవాటు చెయ్యకు. ప్రొటీన్ తక్కువ, టారిన్ కలపాలన్న నియమం లేదు. అరకేజీ మూసిన సంచి కొను. దాన్ని డబ్బాలో ఒంపకుండా సంచితో సహా మూత గట్టి డబ్బాలో పెట్టు, నెల రోజుల్లో అవగొట్టు.

ప్రశ్న: మంచి మేతని చెప్పి నాలుగు రోజుల కిందట మా పిల్లికి డ్రై ఫుడ్ ఒక్కసారిగా మార్చాం. లావుగా ఉండే ఆడపిల్లి. రెండు రోజులుగా ముట్టడం లేదు. ఆకలేస్తే అదే తింటుందిలే, పాతది పెట్టకండి అంటోంది మా అత్తగారు.
గుణుపురం

జవాబు: ఈ ఉత్తరం అందిన సాయంత్రమే అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అది పనిచెయ్యడం మానేస్తుంది. కుక్కనైతే పస్తు పెట్టి దారికి తేవచ్చు, పిల్లిని కుదరదు. కళ్లు, చెవి లోపలివైపు పచ్చబడ్డాయేమో చూడమన్నాను, లేదన్నారు. పాత మేత కాస్త వెచ్చచేసి పెట్టమన్నాను, తినకపోతే తెల్లారేసరికి ఆస్పత్రికి వెళ్లాలని గట్టిగా చెప్పాను. గంటకు మళ్లీ ఫోన్ వచ్చింది. చెంచాడు తిందట. అత్తగారే పెట్టారట. కొత్త మేత పాతదాంట్లో పావు వంతుతో మొదలెట్టి వారం, పది రోజుల్లో మార్చమని ఆవిడకే చెప్పాను.